నీళ్లలో చప్పుడు: తార్నాక నుంచి విశాఖ దాకా ఒక చరిత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉంటారు కదా అనిపించింది. అందుకని మన బడి చుట్టూ ఉన్న నేల గురించి, ఆ నేల మీద పెరిగిన ఒక విద్య గురించి రాద్దామనుకున్నాను. ఆ విద్య పేరు ధ్వనిశాస్త్రం. అందులోనూ నాకు ఇష్టమైన భాగం చప్పుడు చేయడం కాదు, చప్పుడు ఆపడం. ముఖ్యంగా నీళ్లలో మునిగి ఉన్న గొట్టంలాంటి లోహపు పెట్టె, అంటే జలాంతర్గామి గానీ టార్పెడో గానీ, చప్పుడు చేయకుండా చూడడం. మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థులకు కంపనాల పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

తార్నాకకు సముద్రంతో ఏం సంబంధం అని అడగవచ్చు. మనకు అతి దగ్గరి సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది. తార్నాక అన్న పేరు కూడా నేలకు సంబంధించినదే. నిజాం కాలంలో ఇక్కడ ఒక మామిడితోటకు తీగ కంచె వేసి, కాపలాకు నాకా పెట్టారనీ, ‘తార్’, ‘నాకా’ కలిసి తార్నాక అయిందనీ పెద్దలు చెబుతారు. ఆ కంచె పోయింది. దాని చుట్టుపక్కల ప్రయోగశాలలు లేచాయి. 1944లో మొదలైన కేంద్ర ప్రయోగశాలలు 1956లో ప్రాంతీయ పరిశోధనాలయం, అంటే మనమందరం ఆర్.ఆర్.ఎల్. అని పిలిచిన సంస్థ అయ్యాయి. 1989 నుంచి దాని పేరు ఐ.ఐ.సి.టి. కూనూరులో 1918లో పుట్టిన పోషకాహార సంస్థ 1958లో ఇక్కడికి వచ్చింది. భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో ఏర్పడింది. వీటన్నిటికీ పెద్దన్నలాంటిది ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో పుట్టి, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనంతో ఈ అడిక్‌మెట్ గుట్టల మీద స్థిరపడింది. ఇంజనీరింగు కాలేజీ అంతకు పదేళ్ల ముందే, 1929లోనే, మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం. చప్పుడు అంటే ఏమిటో మనకు చిన్నప్పుడే తెలుసు. గుడిలో గంట కొట్టి, వెంటనే దాన్ని చేత్తో పట్టుకుంటే మోత టక్కున ఆగిపోతుంది. గంటలోని కంపనశక్తి మన అరచేతి మెత్తదనంలోకి పోయి వేడిగా మారిపోతుంది. ఆ వేడి ఎంత తక్కువంటే మన చేతికి తెలియదు. ఇదే అవరుద్ధం, ఇంగ్లీషు చదువులో డ్యాంపింగ్. కరెంటు అక్కర్లేకుండా, మోటారు అక్కర్లేకుండా, పదార్థం తన స్వభావంతో తానే కంపనాన్ని మింగేస్తే దాన్ని పాసివ్ డ్యాంపింగ్ అంటారు.

సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేవాళ్లం. ఖంగుమంటే మంచి కుండ, బొద్దుగా పలికితే పగులు ఉన్న కుండ. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. మన మిత్రుల్లో కొందరి తండ్రులు అక్కడ పనిచేసినవారే. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి విని, పగులు ఉందో లేదో చెప్పే పద్ధతి రైల్వేలో ఎంతో పాతది. పగులు అంచులు ఒకదానితో ఒకటి రాసుకుని కంపనశక్తిని తినేస్తాయి, అందుకే చక్రం మోగదు. అంటే పగులు కూడా ఒక రకం డ్యాంపింగే. కాకపోతే చక్రానికి అది రోగం, జలాంతర్గామికి అలాంటి మూగతనమే వరం. పగులు పెట్టకుండా ఆ మూగతనం తెప్పించడమే ఇంజనీరు పని.

నీళ్లు వచ్చేసరికి కథ మారుతుంది. జలతరంగం వాయించేవారిని చూసినవారికి తెలుసు, గిన్నెలో నీళ్లు పెరిగినకొద్దీ స్వరం దిగుతుంది. నీరు గిన్నె గోడతో పాటు కదలాలి, ఆ బరువు గోడ మీద పడుతుంది, కంపనం నెమ్మదిస్తుంది. గాలిలో మోగే ఉక్కు గొట్టానికి గాలి బరువు లెక్కలోకి రాదు. అదే గొట్టం సముద్రంలో ఉంటే చుట్టూ ఉన్న నీటి బరువు లెక్క వేయకపోతే సమాధానం పూర్తిగా తప్పుతుంది. పైగా ధ్వనికి నీరు గాలి కంటే మంచి దారి. 1826లో కొలాడాన్, స్టర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సులో రెండు పడవల మీద ఉండి ఈ సంగతి కొలిచారు. ఒక పడవ దగ్గర నీటిలో గంట కొట్టి, అదే క్షణంలో మందుగుండు వెలిగించారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రెండో పడవలో వెలుగు చూసి, నీటిలో ముంచిన గొట్టంతో శబ్దం విని, మధ్య కాలాన్ని లెక్కగట్టారు. సెకనుకు 1,435 మీటర్లు అని తేలింది. గాలిలో వేగం 340 మీటర్లే. మన బడి ప్రయోగశాలలో శృతిదండం, అనునాద స్తంభం పెట్టి ఆ 340 కోసం కుస్తీ పట్టినవారు ఈ తేడాను సులభంగా ఊహించగలరు.

గుండ్రటి గొట్టం కంపించే తీరు అందంగా ఉంటుంది. దాని అడ్డుకోత ఒకసారి కోడిగుడ్డులా సాగుతుంది, ఒకసారి మూడు మూలలవుతుంది, ఒకసారి నాలుగు. అన్నిటికీ మించి, గొట్టం మొత్తం ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గే కంపనం ఒకటుంది. దాని పౌనఃపున్యం లెక్క మన పదో తరగతి పిల్లలు కూడా కట్టగలరు. ఉక్కులో ధ్వనివేగాన్ని గొట్టం చుట్టుకొలతతో భాగించాలి. ఉక్కు రేకులో వేగం సెకనుకు సుమారు 5,200 మీటర్లు. టార్పెడో వ్యాసం 533 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.67 మీటర్లు. భాగిస్తే దాదాపు 3,100 హెర్ట్జ్. 6 మీటర్ల వ్యాసం ఉన్న జలాంతర్గామి పెట్టెకైతే 276 హెర్ట్జ్. ఇవి గాలిలో లెక్కలు, నీటిలో ఇంకా దిగుతాయి. లోపలి పంపు గానీ గేర్లు గానీ ఇలాంటి ఏదో ఒక సహజ పౌనఃపున్యం దగ్గర తిరిగితే అనునాదం పుడుతుంది. అప్పుడు ఆ గొట్టం సముద్రంలో పెట్టిన లౌడ్‌స్పీకరే.

ఈ కంపనాలు జంటలుగా వస్తాయి. గొట్టం ఎటు తిప్పినా ఒకలాగే ఉంటుంది కాబట్టి కోడిగుడ్డు ఆకారం రెండు దిక్కుల్లో నిలబడవచ్చు. పోత పోసేటప్పుడు కాస్త తేడా వస్తే ఆ జంట స్వరాలు విడిపోయి, ఒకదాన్నొకటి పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. పెద్ద గుడిగంట మోత అలలు అలలుగా వినిపించడానికి కారణం ఇదే. సౌష్ఠవానికీ కంపనానికీ ఉన్న ఈ బంధాన్ని గణితంలో సమూహ సిద్ధాంతం చెబుతుంది. ఈ మాట దగ్గరే మన క్యాంపస్ కథలోకి వస్తుంది.

సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. మన నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో సర్ సి.వి. రామన్ దగ్గర చేరారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం నడిపారు. అక్కడ టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించే గ్రంథం రాశారు. అణువుల, స్ఫటికాల కంపనాలకు సౌష్ఠవం ఏ హద్దులు పెడుతుందో అందులో చూపారు. బి. రామచంద్రరావు గారితో కలిసి అతిధ్వనుల మీద, ఆ తరంగాలు వెలుగును వంచే తీరు మీద పనిచేశారు. ఆ తరువాత ఉస్మానియాకు వచ్చి, 1952 నుంచి 1957 వరకు ఉపకులపతిగా ఉన్నారు. అక్కడి నుంచి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లారు. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. హైదరాబాదులో క్షిపణి, లోహశాస్త్ర, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలు వేళ్లూనుకున్న కాలం అది. కంపనాలు, అతిధ్వనులు చదివిన మనిషి దేశ రక్షణ పరిశోధనకు పెద్దగా కూర్చున్నాడన్నమాట.

ఆయన గురువు రామన్ గారు కూడా ధ్వని మనిషే. 1920లో, తిరిగి 1934లో, మృదంగం, తబలాల మీద వ్యాసాలు రాశారు. తోలు మధ్యలో నల్లటి కరణి పూత వేయడం వల్ల, మామూలు డోలు ఇవ్వని శ్రుతిబద్ధమైన స్వరాలు వస్తాయని చూపారు. మన వాద్యగాళ్లు శతాబ్దాలుగా తోలుకు పూత పూసి కంపనాన్ని చెప్పినట్టు వినేలా చేస్తూనే ఉన్నారు. ఎడమవైపు తొప్పికి తడిరవ్వ ముద్ద పెట్టేది కూడా అందుకే. లోహం మీద పొర వేసి కంపనాన్ని మార్చే ఇంజనీరు ఆ మృదంగ విద్వాంసుడికి దూరపు చుట్టం.

పూత విద్య యుద్ధంలోకి రావడం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జరిగింది. జర్మన్లు తమ జలాంతర్గాములకు ఆల్బెరిక్ అనే పూత వేశారు. జర్మన్ పురాణకథల్లో మాయటోపీ ఉన్న మరుగుజ్జు పేరది. నాలుగు మిల్లీమీటర్ల మందం రబ్బరు పొర, అందులో చిన్న చిన్న రంధ్రాలు. శత్రువు పంపిన సోనార్ తరంగాన్ని మింగడం దాని ముఖ్యోద్దేశం. దానికి జిగురే సమస్య అయింది. రేకులు ఊడి నీటిలో తపతపమని కొట్టుకుంటే, దాచడానికి వేసిన తొడుగే చప్పుడు చేసేది. ఏ పనిలోనైనా మందు ఎంత ముఖ్యమో పట్టు అంత ముఖ్యమని ఇది నేర్పుతుంది.

తరువాత శాస్త్రం లెక్కలతో వచ్చింది. 1952లో జర్మనీలో ఓబెర్స్ట్, లోహపు రేకు మీద రబ్బరులాంటి పొర అంటిస్తే ఎంత కంపనం తగ్గుతుందో సూత్రం ఇచ్చాడు. 1959లో అమెరికాలో కెర్విన్, ఆయన సహచరులు రాస్, ఉంగర్ ఇంకో అడుగు వేశారు. ఆ మెత్తటి పొర మీద మళ్లీ ఒక పలచని గట్టి రేకు పెట్టారు. నోటు పుస్తకాల దొంతరను వంచి చూడండి, పుస్తకాలు ఒకదాని మీద ఒకటి జారతాయి. వాటి మధ్య జిగురు ఉందనుకోండి, ఆ జారడాన్ని జిగురు అడ్డుకుంటూ సాగి, సాగినప్పుడల్లా శక్తిని వేడిగా మార్చేస్తుంది. రెండు లోహపు పొరల మధ్య ఇరుక్కున్న రబ్బరు ఇదే పని చేస్తుంది. మామూలు ఉక్కులో నష్టగుణకం వెయ్యో వంతు, అంతకన్నా తక్కువే. ఇలా పొర ఇరికిస్తే అది ఇరవయ్యో వంతు దాకా, ఇంకా పైకి కూడా పోవచ్చు. యాభై రెట్ల తేడా అంటే, అనునాదం దగ్గర 34 డెసిబెల్‌లు. నీటిలో మునిగిన గొట్టానికి నీరే కొంత శక్తి లాగేస్తుంది కాబట్టి లాభం అంత పెద్దగా కనబడదు. అయినా చిన్నదేమీ కాదు. 6 డెసిబెల్‌లు తగ్గితే, లోతైన బహిరంగ సముద్రంలో మనల్ని వినగలిగే దూరం దాదాపు సగమవుతుంది.

రబ్బరుకూ మనసు ఉంటుంది. చలికి గాజులా బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడి పనిమానేస్తుంది. ఆ రెంటి మధ్య ఒక ఇరుకైన ఉష్ణోగ్రత మేరలోనే కంపనాన్ని బాగా మింగుతుంది. బంగాళాఖాతంలో పైన నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే, లోతుకు పోయినకొద్దీ చల్లబడుతుంది. లోతు పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది, ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున. గాలి రంధ్రాలున్న పొర ఆ ఒత్తిడికి నలిగి తన గుణం కోల్పోతుంది. ఉత్తర సముద్రాల కోసం చేసిన మందు మన సముద్రానికి సరిపోతుందన్న హామీ లేదు. మన సముద్రానికి మనమే వెతుక్కోవాలి. దిగుమతి చేసుకోవచ్చు కదా అనేవారికి ఇదొక జవాబు.

మన దేశానికి ఇది ఎంత ప్రాణసమస్యో 1971లో తెలిసింది. డిసెంబరు 9 రాత్రి, అరేబియా సముద్రంలో జలాంతర్గామిని వెతుకుతున్న ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ఓడతో పాటు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ఓడను విడిచిపెట్టలేదు. నీటి కింద ఎవరు ముందు వింటారో వారే బతుకుతారు. డెసిబెల్ అంటే పాఠ్యపుస్తకంలో లాగరిథం మాత్రమే కాదని ఆ రాత్రి చెప్పింది. తరగతిలో ఈ పాఠం మొదలుపెట్టే ముందు నేను పిల్లలకు ఈ రెండు సంఖ్యలు బోర్డు మీద రాసేవాణ్ణి.

అంతకు రెండేళ్ల ముందే, 1969 ఆగస్టు 20న, విశాఖపట్నంలో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల మొదలైంది. భగవంతం గారు శాస్త్ర సలహాదారుగా ఉన్న చివరి సంవత్సరం అది. ఆయన యవ్వనంలో అతిధ్వనుల మీద పనిచేసిన ఊరు అదే. ఆ ప్రయోగశాలలో నమూనాలను లాగి పరీక్షించే 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి ఉంది. అక్కడ రూపుదిద్దుకున్న వరుణాస్త్ర టార్పెడోను 2016లో నౌకాదళానికి అప్పగించారు. కరెంటు మోటారుతో నడిచే ఆ టార్పెడో బరువు సుమారు టన్నున్నర. తయారుచేసేది 1970లో మన హైదరాబాదులో పుట్టిన భారత్ డైనమిక్స్. ఇలా కథ చుట్టూ తిరిగి మళ్లీ మన ఊరికే వచ్చింది.

మన మిత్రులు విశాఖ వెళ్లినప్పుడు ఆర్.కె. బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కుర్సురా చూసే ఉంటారు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా నిలబడింది. 91 మీటర్ల పొడవు. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఇంజను గదిలో నిలబడి, ఇక్కడి నుంచి చప్పుడు ఏ ఏ దారుల్లో బయటి నీటిలోకి పోతుందో వెతకమనండి. ఇంజను కాళ్ల గుండా, పైపుల గుండా, గది గాలి గుండా, ప్రొపెల్లరు ఇరుసు గుండా. ఒక్కో దారికీ ఒక్కో తలుపు వేయడమే ఈ విద్య మొత్తం. కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు, పైపులకు మెత్తటి జాయింట్లు, గోడకు డ్యాంపింగ్ పొర, బయట రబ్బరు పలకలు.

ఈ విద్య యుద్ధానికే పరిమితం కాదు. వాణిజ్య నౌకల రొద తిమింగలాలకు ఎంత చేటు చేస్తుందో తెలిసి, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో నీటి కింది శబ్దం తగ్గించే మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటిని సవరించింది. ఇంటి దగ్గరికే వస్తే, 2017 నవంబరు నుంచి తార్నాక మీదుగా పోతున్న మెట్రో పట్టాల కింద కూడా రబ్బరు మెత్తలే కంపనాన్ని మింగుతున్నాయి.

ఇంత చెప్పడానికి ఒక కారణం ఉంది. రాకెట్ ఎగిరితే ఊరంతా చూస్తుంది. చప్పుడు ఆపినవాడి పని ఎవరికీ వినపడదు, వినపడకపోవడమే ఆ పని ఫలితం. పైగా రక్షణ పరిశోధన గుట్టుగా జరుగుతుంది. అందుకే దాని చరిత్ర రాసేవారు తక్కువ. తార్నాక, హబ్సిగూడ, లాలాగూడ వీధుల్లో ఉన్న మన సీనియర్లలో ఎందరో ప్రయోగశాలల్లో, వర్క్‌షాపుల్లో, క్యాంపస్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైనవారు. గుట్టు విప్పమని వారిని అడగనక్కర్లేదు. ఏ మాస్టారు ఏ ప్రయోగం చూపించాడు, ఏ లేత్ మీద ఏం చేశారు, ఏ తప్పు నుంచి ఏం నేర్చుకున్నారు, ఇవి చాలు. ఇవి ఏ ఫైలులోనూ ఉండవు. ఆ మనుషులతోనే పోతాయి.

కాబట్టి సంఘానికి నా విన్నపం ఒక్కటే. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం ఈ పనికి కేటాయించండి. ఒక రికార్డరు, ఓపిక ఉన్న ఇద్దరు యువకులు, ఏడాది సమయం చాలు. ఎనభై దాటినవారితో మొదలుపెట్టండి. బడి ప్రయోగశాలలో శృతిదండాలు, అనునాద స్తంభం ఇంకా ఉంటే తుప్పు దులిపి పిల్లల చేతికి ఇవ్వండి, పక్కన ఒక రబ్బరు ముక్క, ఒక గుడిగంట కూడా పెట్టండి. మోగించడం ఎవరికైనా వస్తుంది. మోత ఎందుకు ఆగిందని అడిగే పిల్లవాడు ఏడాదికి ఒక్కడు దొరికినా, ఈ నేల మీద మొదలైన చదువు ఆగలేదని అనుకోవచ్చు.